ట్రేసింగ్ కాగితం కింద మంత్రగత్తె

మా డిటెక్టివ్ బొమ్మల కథకు మొదటి విమర్శ బాయిలర్ సెక్షన్ ఆయన నుంచి వచ్చింది. "దయ్యం బాగున్నది. కానీ దయ్యం వెనక గోడ మీద ప్రెషర్ గేజీ ముల్లు సున్నా మీద ఉన్నది. బాయిలర్ మండుతుంటే ముల్లు సున్నా మీద ఎట్ల ఉంటది. బొమ్మలు గీసేటాయనకు బాయిలర్ ఎరుక లేదు." ఎర్ర పెన్సిలుతో రాసి, కింద రెండు గీతలు కొట్టి, సంతకం పెట్టి, టైము కూడా వేశాడు.

మూడు వారాలు కూర్చుని గీసిన దయ్యం అది. పైకప్పు నుంచి తలకిందులుగా వేలాడుతుంటుంది, జుట్టు నేలను ఊడుస్తుంటుంది, నోట్లోంచి ఆవిరి వస్తుంటుంది. దాన్ని చూసి ఎవరైనా ఒక్కసారి ఉలిక్కిపడితే చాలని నేను క్యాంటీన్‌లో ఓ మూల టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. ఆయన దయ్యాన్ని దాటుకుని వెళ్లి గేజీ చూశాడు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

అవి ఎనభైల మొదటి సంవత్సరాలు. బోనకల్ దగ్గరి పల్లె నుంచి వచ్చి, ఐటీఐ సర్టిఫికెట్ చూపించి, పాల్వంచలో ఒక కార్ఖానా డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసర్‌గా చేరాను. ట్రేసర్ అంటే ఆర్టిస్టు అని మా ఊళ్లో అందరికీ చెప్పుకునేవాణ్ని గానీ, అది పచ్చి అబద్ధం. ఇంజనీరు పెన్సిలుతో గీసిన డ్రాయింగ్ మీద పలచని ట్రేసింగ్ కాగితం పరిచి, కింద కనపడే గీత మీద నల్ల సిరాతో గీత లాగడమే నా పని. సొంతంగా ఒక్క బోల్టు కలిపినా తప్పే. కింద గీత ఉంటేనే నా పెన్ను కదిలేది. ఖాళీ కాగితం ముందు పెట్టి ఆవును గీయమంటే చెమటలు పట్టేవి.

అలాంటివాణ్ని బొమ్మల కథల్లోకి దింపింది చాచా. డ్రాయింగ్ ఆఫీసు పక్క గదిలో అమోనియా ప్రింటు మిషను నడిపేవాడాయన. నేను గీసిన ట్రేసింగును ఆ మిషన్లో పెడితే నీలం గీతలతో ప్రింటు వస్తుంది. దాంతోపాటు గదినిండా ఘాటు కూడా వస్తుంది. ఇరవై ఏళ్లు ఆ ఘాటులో ఉండి చాచా కళ్లు ఎప్పుడూ ఎర్రగా, తడిగా ఉండేవి. ఆయన దుఃఖంలో ఉన్నాడనుకుని కొత్తగా చేరినవాళ్లు ఓదార్చబోయేవాళ్లు. బజార్లో ఆయన అన్నకు టైలరింగు షాపు ఉండేది. ఈయనకు మాత్రం సూది కంటే డిటెక్టివ్ నవల ఎక్కువ ఇష్టం. కిరాయికి తెచ్చిన నవలలు మిషను వెనక గుట్టగా పెట్టుకుని చదివేవాడు.

"తమ్మీ, కథ నేను చెప్త, బొమ్మ నువ్వు గియ్యి" అన్నాడొక రోజు. "డిటెక్టివ్ దొంగలను పట్టుడు అందరు రాస్తరు. మనోడు దయ్యాలను పడ్తడు."

అలా పుట్టాడు మా డిటెక్టివ్. ఖమ్మం నుంచి ఎర్ర బస్సులో వస్తాడు. చేతిలో రెగ్జిన్ సంచి, సంచిలో భూతద్దం, టార్చిలైటు, నిమ్మకాయలు, తాయెత్తు, స్క్రూడ్రైవరు. ఏ దేవుడికీ కోపం రాకుండా అన్ని ఏర్పాట్లూ చేసుకున్న మనిషి. దయ్యం ఎదురైతే ముందు సంచి తెరిచి ఏది పనికొస్తుందో వెతుక్కుంటాడు. చాచా పెట్టిన షరతు ఒక్కటే. "జల్దీ జల్దీ దయ్యం ఎంట పడొద్దు. ముందుగాల చాయ్ తాగాలె." అందుకని ప్రతి భాగంలో రెండో పేజీ అంతా డిటెక్టివ్ చాయ్ తాగుతూ ఉంటాడు. ఆ పేజీ మీద ఎవరూ విమర్శ రాయలేదు.

కాగితం ఎక్కడిదంటే, ప్రింటు రోలు చివర మిగిలే ముక్కలు. వాటిని స్టోరుకు తిరిగి ఇవ్వాలని రూలు. స్టోరువాళ్లు వాటిని చెత్తలో వేస్తారని అందరికీ తెలుసు కాబట్టి మధ్యలో మేము కాస్త వాడుకునేవాళ్లం. ఒక్కో భాగం ఎనిమిది ప్రింట్లు తీసి క్యాంటీన్‌లో, టైమాఫీసులో, సెక్షన్లలో వదిలేవాళ్లం. కొత్త ప్రింటు తెరవగానే అమోనియా గుప్పుమని కొట్టి కళ్లలో నీళ్లు తిరిగేవి. మా కథ చదివి ఏడ్చామని కొందరు చెప్పుకున్నారు గానీ, ఆ ఘనత మిషనుదే.

మా కార్ఖానాలో ఒక అలవాటు ఉండేది. షిఫ్టు దిగేవాడు లాగ్ బుక్కులో రిమార్కు రాసి సంతకం పెట్టందే గేటు దాటడు. అందుకే ఏ కాగితం చివర ఖాళీ కనపడినా వాళ్ల చేయి ఆగదు. నేను చివరి పేజీ ఖాళీగా వదిలి, పైన 'అభిప్రాయం' అని రాసి, పాఠకుల ఉత్తరాల్లాంటివి వస్తాయని ఆశపడ్డాను. వచ్చినవన్నీ రిమార్కులే. 'ఏ షిఫ్టు. చదవడమైనది. దయ్యం నార్మల్.' 'బి షిఫ్టు. మూడో పేజీలో దయ్యం పళ్లు తొమ్మిది, ఐదో పేజీలో పదకొండు. సరిచూడగలరు.' 'సి షిఫ్టు. భయం కనపడలేదు. తదుపరి షిఫ్టు గమనించవలెను.'

సేఫ్టీ సెక్షన్ ఆయనకు డిటెక్టివ్ హెల్మెట్ లేకుండా బాయిలర్ గదిలోకి వెళ్లడం నచ్చలేదు. చచ్చినవాళ్లకు అవసరం లేదు గనక దయ్యానికి మినహాయింపు ఇచ్చాడు. యూనియన్ నాయకుడొకాయన 'దయ్యాలున్నాయని నమ్మించడం శ్రామికుల చైతన్యాన్ని దెబ్బతీయడమే' అని అరపేజీ రాసి, కింద చిన్న అక్షరాలతో 'మూడో భాగం ఎప్పుడు వస్తుంది' అని అడిగాడు. పూజా పునస్కారాలున్న అకౌంట్స్ ఆయన నిమ్మకాయ కోసే పద్ధతి తప్పన్నాడు. చాచా అన్నగారు షాపులో కూర్చుని మొత్తం తిరగేసి, "కోటు గుండీలు ఆడోళ్ల దిక్కు కుట్టినవేందిర" అని తమ్ముణ్ని తిట్టాడట. దయ్యాన్ని చూసి భయపడ్డామని మాత్రం ఎవరూ అనేవాళ్లు కాదు. కమ్మరి గుడికి పోయినా ముందు గొళ్లెమే చూస్తాడేమో.

గుండీల సంగతి మాత్రం చెప్పాలి. ఊహించి గీయడం రాదన్నాను కదా. మరి మనుషుల ముఖాలు ఎక్కడివి? క్యాంటీన్ గోడకు ఒక పెద్ద గ్రూపు ఫోటో ఉండేది. క్యాంటీన్ ప్రారంభించిన రోజు తీసింది. ఆఫీసర్లు, వాళ్ల భార్యలు, వర్కర్లు, వంటవాళ్లు ముప్పై నలభై మంది. ఒక్కో ముఖం బొటనవేలి గోరంత, మా బొమ్మల గడుల్లో సరిగ్గా సరిపోయేంత. అదే సైజు కాపీ ఒకటి డ్రాయింగ్ ఆఫీసు బీరువాలో పడి ఉంటే, దాని మీద ట్రేసింగ్ కాగితం పరిచి నాకు కావలసినవాళ్లను ఎత్తుకునేవాణ్ని. మా డిటెక్టివ్ ముఖం మా సెక్షన్ హెడ్ సారుది. ఆడిట్‌కు వచ్చి ఫోటోలో ఇరుక్కున్న ఇద్దరు పెద్దమనుషులు మొదటి రెండు దయ్యాలు.

గుర్తుపడితే ఉద్యోగం పోతుందని నాకు భయం. నేను ఇంకా పర్మనెంటు కాలేదు. దానికి చాచా ఉపాయం చెప్పాడు. "కాగితం తిప్పి వెయ్యి తమ్మీ." ట్రేసింగ్ కాగితాన్ని బోర్లా తిప్పి, మాటలు ఆ వైపున రాసి ప్రింటు తీస్తే, అద్దంలో లాగా బొమ్మల కుడి ఎడమలు మారిపోతాయి. సారు పాపిట అటు నుంచి ఇటు వచ్చింది, గుండీలు ఆడవాళ్ల వైపు వెళ్లాయి. అయినా అందరూ గుర్తుపట్టారు. సారు ఒక్కడే గుర్తుపట్టలేదు. 'డిటెక్టివ్ ముఖం అందంగా లేదు' అని ఆయనే అభిప్రాయం రాశాడు.

నాలుగో భాగానికి చాచా ఒక మంత్రగత్తె కథ చెప్పాడు. అడవిలోంచి వచ్చే ఒక ముసలామె విస్తరాకులు కుడుతూ, కుట్టు కుట్టుకూ ఒక మంత్రం పెడుతుంది. ఆ విస్తట్లో తిన్నవాడికి కడుపులో తిప్పుతుంది. చెప్పగానే నాకు ముఖం దొరికింది. ఫోటోలో కుడి అంచున, మెట్ల మీద, ఒక ముసలామె కూర్చుని ఉంటుంది. మా క్యాంటీన్‌కు అడ్డాకుల విస్తర్లు తెచ్చే అవ్వ. టేకులపల్లి దాటి లోపలి పల్లె నుంచి పొద్దున బస్సులో కట్టలు వేసుకుని వచ్చేది. ఇంట్లో కోయ భాష, మాతో తెలుగు. ఫోటో తీసే రోజు ఆమెను లేవమని ఎవరూ చెప్పలేదు, రమ్మనీ చెప్పలేదు. అందుకని అక్కడే కూర్చుని, చేతిలో ఆకు, ఈనెపుల్లతో, కెమెరా వైపు తల తిప్పి చూస్తూ ఫోటోలో పడింది. సన్నని ముఖం, లోతు కళ్లు, ముక్కుకు పుడక. కాగితం పరిచాను, గీశాను, అలవాటు ప్రకారం తిప్పి వేశాను.

ఆ నాలుగో భాగాన్ని అందరూ నెత్తిన పెట్టుకున్నారు. 'ఏ షిఫ్టు. మంత్రగత్తె చూపుకు చేతిలో గ్లాసు జారినది.' 'బి షిఫ్టు. ఇదీ బొమ్మ అంటే.' సేఫ్టీ ఆయన హెల్మెట్ మర్చిపోయాడు. యూనియన్ నాయకుడు కూడా 'కళ నిజంగా ఉన్నది' అని ఒప్పుకున్నాడు. నేను వారం రోజులు కాళ్లు నేల మీద ఆనకుండా తిరిగాను. మా ఊరికి ఉత్తరం కూడా రాశాను, ఇక్కడ నాకు చాలా పేరు వచ్చిందని.

ఆ వారమే ముసురు పట్టింది. బి షిఫ్టులో ఒకాయన ఇంటి నుంచి పుట్టగొడుగుల కూర తెచ్చి క్యాంటీన్‌లో పక్కనున్న ముగ్గురికి వేశాడు. నలుగురికీ వాంతులు పట్టుకుని దవాఖానాకు పోయారు. రెండు రోజులకు లేచి తిరిగారు, ప్రమాదమేమీ లేదు. కానీ నలుగురూ తిన్నది అడ్డాకుల విస్తట్లో. మొదట నవ్వులాటకే అన్నారు. "కుట్టు కుట్టుకో మంత్రం పెట్టినట్టున్నది ముసల్ది." నింద తన కూర మీద పడుతుందని బెదిరిన కూర తెచ్చినాయనకు ఆ నవ్వులాట మునిగేవాడికి దొరికిన కొమ్మ అయింది. "అవ్, ఆ ఆకు వాసనే తేడా వచ్చింది" అని ఆయనే అందరికంటే గట్టిగా చెప్పడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి నవ్వు పోయింది, మాట మిగిలింది.

మర్నాడు క్యాంటీన్ కమిటీ సెక్రటరీ అవ్వను విస్తర్లు తేవద్దన్నాడు. కోస్తా నుంచి మూడు తరాల కింద వచ్చి స్థిరపడిన రైతు కుటుంబం ఆయనది, మెత్తని మనిషి, ఎవరితోనూ గొడవ పెట్టుకోడు. "నాకేం నమ్మకం లేదండీ. పదిమంది అంటున్నారు కదా, నేనేం చేసేదండీ" అన్నాడు. అవ్వ కట్టలు దింపుకుని గేటు బయట మూడు రోజులు కూర్చుంది. కాలనీ ఆడవాళ్లు కూడా ఆమె దగ్గర కొనడం మానేశారు. పిల్లల్ని అటు వైపు నుంచి కాకుండా ఇటు నుంచి తీసుకుపోయేవాళ్లు. ఎందుకో ఆమెకు ఎవరూ చెప్పలేదు. వచ్చేపోయేవాళ్లను "ఏమైంది బిడ్డా" అని అడుగుతుంటే అందరూ వాచీలు చూసుకుంటూ వెళ్లారు. వాచీ లేకపోయినా నేను కూడా మణికట్టు చూసుకుంటూ వెళ్లాను. నాలుగో రోజు ఆమె రాలేదు.

చాచా ఆ రోజు మిషను ఆపేసి కూర్చున్నాడు.

"నువ్వు గీసినవ్, నేను ప్రింటు కొట్టిన. ఇద్దరం కలిసి ముసల్దాని పొట్ట కొట్టినం" అన్నాడు.

"మనం కథ రాసినం చాచా. వాళ్లు గట్ల అనుకుంటే మనమేం చేస్తం?"

"కథల ఆమె మొఖం ఎందుకున్నది మరి?"

నేను కథతోనే సరిచేద్దామన్నాను. ఐదో భాగం గీసినంత శ్రద్ధగా నా జీవితంలో ఇంకేదీ గీయలేదు. మా డిటెక్టివ్ మళ్లీ బస్సు దిగుతాడు, చాయ్ తాగుతాడు, భూతద్దంతో విస్తరాకు మీద ప్రతి కుట్టూ చూస్తాడు. ఏమీ ఉండదు. కూర గిన్నెలో అడుగున మిగిలిన పుట్టగొడుగు ముక్క దొరుకుతుంది. చివరి గడిలో అందరినీ నిలబెట్టి, ముసలామెకు ఏ పాపం తెలియదని తేల్చేస్తాడు. చదివినవాళ్లందరికీ కనువిప్పు కలుగుతుందని, అవ్వను బస్సు దగ్గరికి పోయి పిలుచుకొస్తారని నేను నిజంగానే నమ్మాను. అప్పుడు నా వయసు ఇరవై మూడు.

'ఏ షిఫ్టు. ఈ భాగం దండుగ.' 'బి షిఫ్టు. దయ్యం లేని దయ్యం కథకు కాగితం ఎందుకు.' 'సి షిఫ్టు. డిటెక్టివ్ లంచం తిన్నట్టు అనుమానము.' పుట్టగొడుగులాయన పేజీ మొత్తం నింపేశాడు. తన ఇంటి వంట మీద ఇంత నింద ఎవరూ వేయలేదని, ఆయన భార్య ఏడ్చిందని. అన్నిటికంటే పైన, గుండ్రటి అందమైన చేతిరాతతో ఎవరో రాశారు: 'ఆర్టిస్టుకు కూడా ఆమె మంత్రం పెట్టినది. బొమ్మల్లో జీవం పోయినది.'

మంత్రగత్తె అంటే ఒక్క గడిలోనే నమ్మేశారు. కాదని చెప్పడానికి పదహారు గడులు గీసినా చాలలేదు. నాకు అందరి మీదా పిచ్చి కోపం వచ్చింది. గేజీ ముల్లు దగ్గర్నుంచి గుండీ దాకా ప్రతిదీ పట్టుకున్నవాళ్లు, పుట్టగొడుగు దగ్గరికొచ్చేసరికి గుడ్డివాళ్లైపోయారు. కోపం తగ్గాక భయం వేసింది. చేయవలసిన పని ఇంకొకటి మిగిలి ఉంది, అది కథ కాదు. గోడ మీది ఫోటో దింపి, నా ట్రేసింగ్ కాగితం దాని మీద పెట్టి, ఆమె ముఖం నేనే ఎత్తుకున్నానని చెప్పాలి. చెబితే సారు ముఖం సంగతీ, స్టోరు కాగితం సంగతీ బయటపడతాయి. పర్మనెంటు కాని ట్రేసర్ని ఇంటికి పంపడానికి అందులో సగం చాలు.

రెండు వారాలు వాయిదా వేశాను. నీతి కోసం ముందుకు దూకే రకం కాదు నేను. రోజూ చాచా నన్ను చూసేవాడు. కళ్లలో నీళ్లు మామూలుగానే ఉండేవి గానీ, ఆ రెండు వారాలు అవి అమోనియా నీళ్లు కావేమోనని నాకు అనుమానంగా ఉండేది.

చివరికి ఒక మధ్యాహ్నం భోజనాల వేళ, కమిటీ సెక్రటరీ ఉన్నప్పుడు, బల్లెక్కి ఫోటో దింపాను. ట్రేసింగ్ కాగితాన్ని మళ్లీ గీసిన వైపుకు తిప్పి దాని మీద పెట్టాను. అవ్వ ముఖం మీద మంత్రగత్తె ముఖం గీత గీతకూ సరిపోయింది.

"ఆమె ఏం చెయ్యలేదు. ఈ ముఖం నేను ఇక్కణ్నుంచి ఎత్తుకున్న. కథ చాచా అల్లింది. దాంట్ల నిజం ఏం లేదు" అన్నాను.

"ఎవరి ముఖమైతే మనకెందుకండీ" అన్నాడు సెక్రటరీ. "రేపు ఇంకెవరికైనా వాంతులైతే నన్ను కదండీ అడిగేది."

అప్పుడు బాయిలర్ ఆయన చేయి కడుక్కుని వచ్చాడు. గేజీ విమర్శకుడు. ఫోటో చూశాడు, కాగితం చూశాడు.

"ఆ దినం నేను కూడ అదే కట్టల విస్తరిల తిన్న. పుట్టగొడుగుల కూర వేస్తనంటే వద్దన్న. నాకేం కాలే" అన్నాడు. "ముల్లు ఎక్కడ ఉంటే అక్కడ ఉన్నదని రాస్త నేను."

"మరి అప్పుడే చెప్పలేదేందన్నా?" అన్నాను.

"నన్నెవరన్న అడిగిండ్రా?"

పుట్టగొడుగులాయన ప్లేటులోకి తల వంచుకుని తింటూ ఉండిపోయాడు. సెక్రటరీ నిట్టూర్చి, విస్తర్లు తెప్పించుకుందాంలెమ్మన్నాడు. అప్పటికి చుట్టూ పది పన్నెండు మంది మూగి, ఫోటో మీద కాగితాలు జరుపుతూ తమ ముఖం ఏ దయ్యానికి వాడానో వెతుక్కోవడం మొదలుపెట్టారు. వాడనివాళ్లకు కోపం వచ్చింది. ఆ గోలకు సెక్షన్ హెడ్ సారు వచ్చి, తనకు తానుగా డిటెక్టివ్‌ను కనుక్కున్నాడు. చాలాసేపు చూసి, "ఇది స్టోరు పేపరేనా?" అని అడిగాడు. సాయంత్రానికి నాకూ చాచాకూ చెరో మెమో వచ్చింది, ప్రింటు గదికి తాళం పడింది. మెమో చేతికిస్తూ సారు మొదటి భాగం కాపీ ఏమైనా మిగిలిందా అన్నాడు, ఇంట్లో చూపించడానికి.

అవ్వకు కబురు చెప్పడానికి నేనూ చాచా ఆదివారం టేకులపల్లి బస్సెక్కాం. బీరువాలోని ఫోటో కాపీని తువ్వాలులో చుట్టుకున్నాను, నాలుగో భాగం ప్రింటు మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆమె ఇంటి ముందు అరుగు మీద కూర్చుని విస్తరి కుడుతోంది. మంచం వాల్చి కూర్చోబెట్టింది, నీళ్లిచ్చింది. క్యాంటీన్‌లో మళ్లీ తీసుకుంటారని చాచా చెప్పాడు. ఎందుకు ఆపారో నేను చెప్పాను. మొత్తం చెప్పాను. ప్రింటు చేతికిచ్చాను. తిడుతుందని, ఏడుస్తుందని, రెండిటికీ సిద్ధపడి వెళ్లాను.

ఆమె అక్షరాలు చదవదు. బొమ్మలు ఒక్కొక్కటే చూసింది. మా పాఠకుల్లో అంత నిదానంగా చూసినవాళ్లు లేరు. చాయ్ పేజీ దగ్గర నవ్వింది. మంత్రగత్తె గడి దగ్గర ఆగింది.

"నేనేనా బిడ్డా గిది?"

"అవ్ అవ్వా."

"గిట్ల ఎడమ చేత్తోని ఎవరన్న కుడ్తరా? పుల్ల ఆకుల దిగుతదా గట్ల?" చేతిలోని ఆకు ఎత్తి కుడిచేత్తో ఒక కుట్టు వేసి చూపించింది. "పుడక గూడ ఈ దిక్కు పెట్టినవ్."

గేజీ, గుండీ, ఇప్పుడు పుల్ల. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఈమె కూడా అందరిలాంటి పాఠకురాలే, తప్పు ఇంతటితో తీరిపోయిందనుకుని నవ్వాను కూడా. ఎవరూ గుర్తుపట్టకుండా కాగితం తిప్పి వేశానని, ట్రేసర్లకు కింద గీత లేనిదే చేయి రాదని, నాది నకలు తీసే చేయి మాత్రమేనని చెప్పాను. నమ్మకం కోసం తువ్వాలు విప్పి ఫోటో ఆమె ముందు పెట్టాను.

ఆ ఫోటో ఆమె అంతకుముందు ఎప్పుడూ దగ్గరగా చూడలేదట. వేలు పెట్టి వరస వెంట వరస వెళ్లింది. ముందు వరసలో నడుమ కుర్చీలో మేనేజరు భార్య కూర్చుని ఉంటుంది. పట్టుచీర, ఎండ కళ్లలో పడి కోపంగా ముడిపడ్డ కనుబొమలు. ఆ చూపు చూస్తే నిజంగానే చేతిలో గ్లాసు జారుతుంది. అవ్వ వేలు అక్కడ ఆగింది.

"ఈమె చూపు చూడు. మంత్రాలామెకు ఈమెనే మంచిగ కుదురుతది గద" అంది. ఎగతాళి లేదు, కోపం లేదు. పనిమంతురాలు పని గురించి మాట్లాడినట్టే అంది. తర్వాత వేలు జరిపి కుడి అంచున మెట్ల మీద తన బొమ్మ మీద పెట్టింది. "ఇంతమంది ఉన్నరు. కాగితం నా మీదనే ఎందుకు పెట్టినవ్ బిడ్డా?"

చాచా తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. అక్కడ అమోనియా లేదు. నేను ఫోటోనూ ప్రింటునూ మళ్లీ చుట్టి పెట్టడం మొదలుపెట్టాను. అది చూసి ఆమె మళ్లీ ఆకు చేతిలోకి తీసుకుంది. సోమవారం వస్తానని, బస్సులో కట్టలు దింపడానికి నన్ను గేటు దగ్గర ఉండమని చెప్పింది. ఉన్నాను. ఆ సోమవారమే కాదు, ఆమె వచ్చినన్నాళ్లూ ఉన్నాను. ఆ ప్రశ్న ఆమె మళ్లీ అడగలేదు.

తిరిగి వచ్చిన రాత్రే ఆ ప్రింటు చివరి పేజీలో, షిఫ్టువాళ్ల మెచ్చుకోళ్ల కింద, ఆమె ప్రశ్నను ఆమె అడిగినట్టే రాసి పెట్టాను. మా కథకు వచ్చిన అభిప్రాయాల్లో కథను చూసింది అదొక్కటే. దాని కింద జవాబుకు నాలుగు వేళ్ల జాగా వదిలాను.

అమోనియా ప్రింట్లు వెలుతురుకు ఆగవు. మొన్న తీసి చూస్తే డిటెక్టివ్, బస్సు, చాయ్ గ్లాసు, మంత్రగత్తె అన్నీ వెలిసిపోయి పసుపు కాగితం మిగిలింది. బాల్ పెన్నుతో రాసిన రిమార్కులూ సగం పోయాయి. ట్రేసింగ్ సిరాతో రాసింది గనక ఆమె ప్రశ్న మాత్రం నల్లగా ఉంది, కింద జాగా ఖాళీగా ఉంది. జవాబు నాకు ఆ రోజు అరుగు ముందే తెలుసు. చెప్పడానికి సిగ్గుపడ్డాను, ఇప్పటికీ సిగ్గే. చాచా మంత్రగత్తె అన్నప్పుడు నేను ఫోటోలో ఎవరినీ వెతకలేదు. నా చేయి నేరుగా మెట్ల మీదికే పోయింది.